కోచ్ అడగడానికి రాలేదు

మా బాబాయి వారమంతా ప్యాంట్లు కుడతాడు. ఆదివారం మాత్రం బేస్‌బాల్ అంపైరు. ఇంట్లో పిన్ని ముందు పిల్లిలా ఉండే మనిషి, ముఖానికి మాస్కు తగిలించుకుని బంతి పట్టే క్యాచర్ వెనక వంగితే పులి. ఆ పులిని కూడా పిన్ని గదమాయించి అన్నానికి కూర్చోబెట్టేది, అది వేరే సంగతి.

ఆయన తీర్పు నచ్చకపోతే జనం నోటికొచ్చినట్టు తిట్టేవాళ్లు. ఆడపిల్లల జట్టు కోచ్ మాత్రం ఏనాడూ దూరం నుంచి అరవలేదు. టోపీ తీసి, నడిచి వచ్చి, ఎదురుగా కాకుండా పక్కన నిలబడేవాడు. బాబాయి జనానికి వీపు పెట్టి వంగి, బ్యాటింగ్ చేసేచోట నేలలో బిగించిన తెల్లటి ప్లేటును చిన్న బ్రష్‌తో తుడిచేవాడు. తుడుస్తున్నంతసేపూ కోచ్ తన మనసులో మాట చెప్పుకోవచ్చు. బ్రష్ జేబులోకి వెళ్లిందంటే ఇక తీర్పు ఖాయం, ఇద్దరూ మళ్లీ ఆ ఊసెత్తరు. పోట్లాట కూడా ఇంత పద్ధతిగా ఉండొచ్చా అని నాకు ముచ్చటేసేది.

ఈమధ్య బాబాయికి సూదిలో దారం పిన్నే ఎక్కిస్తోంది. "చత్వారంలే" అని ఆయన కొట్టిపారేస్తాడు. కళ్ల డాక్టరు దగ్గరకు రమ్మంటే వినడు. అంపైర్‌గా ఇక పనికిరావంటారేమోనని భయం. మొండితనానికి మందుందా?

మొన్నటి ఆటలో ఆఖరి బంతి ప్లేటుకు జానెడు దూరంగా పోయింది. గట్టు మీద కూర్చున్న నాకే కనబడింది. బాబాయి మాత్రం ప్లేటు మీదుగానే పోయిందన్నట్టు, స్ట్రైక్ అని చెయ్యి ఎత్తాడు. అది మూడో స్ట్రైక్, బ్యాట్ పట్టుకున్న పిల్ల అవుటైంది, కోచ్ జట్టు ఓడిపోయింది.

జనం గగ్గోలు పెట్టారు. బాబాయి అలవాటు ప్రకారం బ్రష్ తీసి వంగాడు. ప్లేటు మీద దుమ్మంతా పోయినా ఇంకా తుడుస్తూనే ఉన్నాడు. కోచ్ రాలేదు. తల వంచుకుని హెల్మెట్లు సంచిలో సర్దుకుంటున్నాడు.

తర్వాత కొళాయి దగ్గర బాబాయి కోచ్‌ను పట్టుకున్నాడు, నేనూ వెనకే ఉన్నాను.

"ఏం తమ్ముడూ, రాలేదేం? నామీద కోపమా?"

"కోపమేం లేదన్నా."

"మరి? ఆట పోతుంటే ఒక్క మాటైనా అడగవా?"

కోచ్ కొళాయి కట్టేశాడు. "కొన్నాళ్లుగా చూస్తున్నానన్నా. క్యాచర్ గ్లవ్‌లో బంతి పడిన చప్పుడును బట్టి తీర్పు చెప్తున్నావు. నేనొచ్చి అడిగితే అంతమందిలో ఏం జవాబిస్తావు?"

"అంటే జాలిపడ్డావన్నమాట. తిట్టినా పడేవాణ్ణి కదరా!"

నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది, ఇద్దరి మీదా జాలీ వేసింది.

"ఆ పిల్ల ఏడ్చిందా?" అని అడిగాడు బాబాయి.

"ఏడ్చిందన్నా. తప్పు నీదేనమ్మా, అంపైర్ మాటే మాట అని చెప్పాను."

బాబాయి మాస్కు తీసి కోచ్ చేతిలో పెట్టాడు.

"పిలువు దాన్ని. బంతి నాకు కనబడలేదని నేనే చెప్తాను."