చిల్లకల్లు బోరులో మూడో కొలత

మా అక్క మొగుడు బోర్లు వేసే రిగ్గు మీద పని చేసేవాడు. నేను జియాలజీ చదివి ఓ చిన్న కంపెనీలో చేరాక బావని ఆ పనికి పిలిపించింది నేనే. చందర్లపాడులో మిరపతోటలకి కూలికెళ్ళే ఇల్లు మాది. ఆ ఇంట్లో ఇద్దరికి నెలజీతం రావడం అదే మొదలు.

చిల్లకల్లు దాటాక రాతినేలలో బోరు వేస్తున్నాం. రాయి కోసం కాదు, వేడి కోసం. లోతుకి పోయేకొద్దీ నేల ఎంత వేడెక్కుతుందో చూడాలి. బోరు వేసేటప్పుడు పోసిన నీళ్ళకి రాయి చల్లబడుద్ది కాబట్టి, పని ఆపి, రోజుల తరబడి ఆగి, మళ్ళీ మళ్ళీ కొలవాలి. ఆ ఖాళీలోనే బావ అడిగాడు.

"ఇంతకీ నేలకి జ్వరం చూసి ఏం తేలుస్తారమ్మాయ్?"

చెప్పా. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ నేల రెండు వైపులా సాగి పలచబడిందనీ, పలచబడ్డ చోటికి అడుగునున్న వేడి ఎగదన్నిందనీ, పగుళ్ళ మధ్య నేల కుంగి పల్లమైందనీ మా అంచనా. సాగడం ఆగాక వేడి మెల్లిగా చల్లారుద్ది. చల్లారేకొద్దీ అడుగు రాయి బరువెక్కి, పల్లం ఇంకా కిందికి దిగుద్ది. అందులోకి సముద్రం వచ్చింది, సున్నపు బురద పేరుకుంది. జగ్గయ్యపేట ఇళ్ళల్లో మనం నడిచే నాపరాయి ఆ బురదే. ఇప్పుడు అడుగున ఎంత వేడి ఉందో తెలిస్తే ఆ అంచనా సరిచూసుకోవచ్చు.

"అంటే లాగినప్పుడు కొంత, చల్లారేప్పుడు ఇంకొంత. కుంగుడు మాత్రం తప్పదు," అన్నాడు బావ.

"పూర్తిగా చల్లారాక ఆగుద్ది బావా."

"అప్పటికి ఎవరుంటారులే," అని నవ్వాడు.

మూడో కొలతప్పుడు వేడి కొలిచే గొట్టం బోరులో ఇరుక్కుపోయింది. మేనేజరుకి ఫోన్ చేస్తే, ఎలాగైనా పైకి తియ్యమన్నాడు. ఇనప తాడు అరిగిపోయిందని బావ అంతకుముందే ఆయనకి రెండుసార్లు చెప్పాడు. నా ముందే చెప్పాడు. అయినా ఆ కొలత లేకపోతే మొదటి రెండూ దండగ అనిపించి, "ఒక్కసారి లాగి చూద్దాం బావా," అన్నా.

బావ తాడు వంక చూశాడు. "నువ్వెళ్ళి జీపు వెనక నిలబడు," అన్నాడు.

రిగ్గుతో లాగగానే తాడు తెగి బావ ఛాతీ మీద కొట్టింది. జగ్గయ్యపేటలో ఆసుపత్రికి తీసుకెళ్తే, విజయవాడ తీసుకెళ్ళండన్నారు. నందిగామ రాకముందే నా ఒళ్ళో ప్రాణం పోయింది.

శవం ఇంకా ఇంటికి చేరకముందే మేనేజరు ఓ కాగితం తెచ్చాడు. పనివాడి అజాగ్రత్త వల్ల ప్రమాదం జరిగిందని అందులో ఉంది. "ఊరికే ఫార్మాలిటీ అండి," అన్నాడు. చదివే, సాక్షిగా సంతకం పెట్టా. భయమేసింది. ఉద్యోగం పోతుందనీ, లాగమన్నది నేనేనని బయటపడుతుందనీ.

నెల తర్వాత నష్టపరిహారం అడగడానికి కంపెనీకి వెళ్తే, అక్క చేతిలో ఆ కాగితమే పెట్టారంట. ఇంటికొచ్చి నా ముందు పరిచింది.

"ఈ సంతకం నీదేనా?"

"నాదే అక్కా."

"అప్పుడు నువ్వెక్కడున్నావ్?"

"జీపు వెనక."

"ఎవరు నిలబడమన్నారు?"

"బావే."

కాగితం మడిచి లోపలికెళ్ళిపోయింది. అరిచినా బాగుండేది.

మర్నాడే ఉద్యోగం మానేసి, జరిగింది జరిగినట్టు, నా మాటతో సహా లేబర్ ఆఫీసులో రాసిచ్చా. విచారణలో నా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఇందులో ఏది నమ్మమంటారమ్మా?" అన్నారు. నేను చెప్పిన నిజాన్ని నా సంతకమే కొట్టేసింది. అక్కకి ఏమీ రాలేదు.

ఇప్పుడు నందిగామలో పాఠాలు చెప్తున్నా. నేల సాగడం, వేడెక్కడం, చల్లారి కుంగడం ఏటా బోర్డు మీద గీస్తా. అక్క పేటలో ఓ స్కూల్లో ఆయాగా చేస్తుంది. ఆదివారం మా ఊరి చర్చికి ఇద్దరం వస్తాం, నాకు రెండు వరసలు ముందు కూర్చుంటుంది. ప్రార్థన అవగానే చెప్పులేసుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోద్ది.