అయిక్వే బరువు పెరిగిన కాలం

మా అన్న కొడుకు అయిక్వేని కొట్టాలంటే ముందు వాడు ఎక్కడున్నాడో కనిపెట్టాలి. అక్రా నగరంలో సముద్రం ఒడ్డునున్న మా బుకోమ్ పేటలో అందరూ అనే మాటే ఇది. బాక్సింగులో అంత ఒడుపు వాడిది. యాభై ఏడు కిలోల వాళ్ళలో వాడితో తలపడడానికి ఎవరూ మిగల్లేదు. దాంతో అరవై ఒక్క కిలోల్లోకి ఎక్కి ఛాంపియన్ తావియాని సవాలు చేస్తానని కూర్చున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తావియా ఎవరనుకున్నారు? ఇరవయ్యేళ్ళుగా నా కెంకీ కొట్టు దగ్గర వీడితో ఒకే పళ్ళెంలో తిన్నవాడు. తల్లి పోయాక తావియాకి అన్నీ నేనే చూశాను.

"ఊళ్ళో ఇంకెవడూ దొరకలేదట్రా నీకు?" అన్నాను.

"బెల్టు వాడి దగ్గరుంటే నేనింకెక్కడికి పోనత్తా? వాడూ సరేనన్నాడుగా. నువ్వు తిండి పెట్టు, చాలు."

పెట్టాను. ఎనిమిది వారాలు. పులిసిన మొక్కజొన్న పిండితో నేను ఉడికించే కెంకీ ముద్దలు పొద్దున్న రెండు, మధ్యాహ్నం రెండు, వేయించిన చేపా మిరప నూరుడూ వేసి. "బాబోయ్, ఇక పట్టదత్తా" అంటే "నోర్మూసుకుని మింగు" అనేదాన్ని. అటు చూస్తే తావియా ఎండిపోతున్నాడు. వాడిది పెద్ద ఎముక, పైగా ముప్పై దాటాయి. అరవై ఒకటికి దిగాలంటే మంచినీళ్ళు కూడా మానేయాలి. ఒకణ్ణి మేపుతూ ఇంకొకడు మాడుతుంటే చూస్తూ, ఎవరు గెలవాలని దేవుణ్ణి అడగాలో తోచక, ఆదివారం చర్చిలో ఊరికే పెదాలు కదిపి వచ్చాను.

బరువు తూచే ముందురోజు మధ్యాహ్నం, జనం పలచబడ్డాక, తావియా వచ్చి నా పొయ్యి పక్కన కూలబడ్డాడు. పెదాలు పగిలి ఉన్నాయి.

"వాసన చూసి పోతానత్తా. అంతే."

"ఛీ, వాసనేంట్రా, కుక్కలాగా!" అన్నాను గానీ నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఒక ముద్దకు ఆకు విప్పి, చేప వేసి ఇచ్చాను. వద్దొద్దంటూనే తినేశాడు. వేళ్ళు నాకుతూ నవ్వాడు. ఇంకొకటి విప్పి పెట్టాను. అదీ తిన్నాడు.

తెల్లారి కాటా మీద మూడు వందల గ్రాములు ఎక్కువ తేలాడు. రెండు గంటలు గడువిచ్చారు. చెమట కారేలా ఒంటికి ప్లాస్టిక్ చొక్కా తగిలించుకుని సముద్రపొడ్డున పరుగెత్తాడు. అయినా ఇంకో వంద గ్రాములు దిగలేదు. అక్కడికక్కడే బెల్టు లాగేసుకున్నారు. పోటీ జరుగుతుంది, అయిక్వే గెలిస్తే బెల్టు వాడిది, తావియాకి మాత్రం గెలిచినా రాదన్నారు. ఏం తిన్నావురా అని కోచ్ గద్దిస్తే, దాచడం చేతగాని వెధవ, "అడోలే అత్త పెట్టింది" అనేశాడు.

మర్నాడు అయిక్వేనే గెలిచాడు. పన్నెండు రౌండ్లూ తావియా గాలినే గుద్దాడు. జనమంతా నా కొట్టు మీద పడ్డారు.

"మొదటి దెబ్బ అడోలేదే!"

"ఏం బుర్రే నీది, తల్లీ!"

చేపలమ్మే ఆడవాళ్ళు నా వీపు చరిచి మరీ మెచ్చుకున్నారు. బుర్ర కాదే, జాలి అని ఎంత మొత్తుకున్నా ఒక్కరూ వినలేదు. వినగా వినగా నాకే అనుమానం పట్టుకుంది.

అయిక్వే మరుసటి రోజు పొద్దున్న వచ్చాడు. పళ్ళెం ముందు పెట్టాను. ముట్టలేదు.

"అత్తా, నిజం చెప్పు. నా కోసమే పెట్టావా వాడికి?"

"ఆకలికి పెట్టాన్రా. నీ మీద ఒట్టు."

"మొదటిది ఆకలికే. మరి రెండోది? వాడు అడిగాడా?"

వాడు అడగలేదు. నా చెయ్యే వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో అప్పుడూ తెలియలేదు, ఎంత తల బద్దలు కొట్టుకున్నా ఇప్పుడూ తెలియడం లేదు.

అయిక్వే పళ్ళెం నా వైపు జరిపి లేచాడు. నెల దాటింది, వేరే కొట్లో తింటున్నాడు. తావియా మాత్రం రోజూ నా దగ్గరికే వస్తున్నాడు.