మంద కట్టిన మూల

మా పొలాల్లో ఎక్కువ భాగం సోలార్ పార్కుకు కౌలుకిచ్చి రెండెకరాలు మాత్రం ఉంచుకున్నాను. అందులో మూటల ఎరువూ పురుగుల మందూ లేకుండా కొర్ర వేస్తాను. ఆ కొర్రలు కొనే బెంగళూరు వాళ్లు అప్పుడప్పుడు వచ్చి చేను చూసి ఫోటోలు తీసుకుంటారు. "గొర్రెల ఎరువు తప్ప ఇంకేమీ వెయ్యను" అని వాళ్లకు గొప్పగా చెబుతాను. అప్పుడు నా గొంతు కాస్త పెద్దదవుతుంది కూడా.

ఆ ఎరువు మా ఊరి గొర్రెలకాపరి మందది. వేసవిలో, దుక్కికి ముందు, అతను చేలో వల చుట్టి గొర్రెల్ని పడుకోబెడతాడు. రోజుకో చోటికి వల మారుస్తూ చేనంతా తిప్పుతాడు. మంద మా చేలో ఉన్నన్నాళ్లూ అతనికి ముద్ద మా ఇంటిదే. మా అత్త కాలం నుంచీ అంతే.

పోయిన వేసవిలో ఒక సాయంత్రం ముద్ద తీసుకుపోతే, వల చేలో ఒక మూలకే సరిపోయింది. లోపల గుప్పెడు గొర్రెలు.

"తక్కినవి యాడప్పా?"

"అమ్మేస్తినక్కా. మేపేకి బీడు యాడుండాది? ఇవీ వచ్చే సంతకు పోతాయి. నీ చేనికి మంద తప్పగూడదని తోలుకొస్తి."

వేరుశనగ పీకేశాక అతని మంద మేసింది మా చేలల్లోనే. ఇప్పుడక్కడ కంచె, సోలార్ పలకలు. సంతకం పెట్టింది నేనే. ఆ మాట అతను అనలేదు. అని ఉంటే తగువైనా పెట్టుకునేదాన్ని. కూర్చున్న కొమ్మ నరికింది నేను, కింద పడింది అతను.

"అమ్మొద్దులేప్పా. ఈ రెండెకరాలూ బీడు పెడతా, మేపుకో," అన్నాను.

అతను ముద్ద తుంచుతూ, "మరి కొర్ర యాడ ఏస్తావక్కా?" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

నేను అతని ముద్దలోకి ఇంకాస్త పులుసు పోశాను. అమ్మొద్దని ఇంకొక్కసారి గట్టిగా అని ఉంటే గొర్రెల్ని ఉంచుకునేవాడేమో. మర్నాడు బెంగళూరు వాళ్లు ఫోన్ చేసి ఈసారి ఇంకా ఎక్కువ కొర్రలు కావాలన్నారు. సరేనన్నాను. మంద ఆ మూల దాటకముందే అతను సంతకు పోయి, ఉన్నవీ అమ్మి వచ్చాడు. వాన పడగానే నేను చేనంతా కొర్రే విత్తాను.

మంద పడుకున్న మూలలో కంకులు బరువుకు వంగాయి. తక్కిన చేను పలచగా, పాలిపోయి ఉంది. చేను చూడవచ్చిన బెంగళూరు వాళ్లకు ఆ మూలే చూపించాను. సిగ్గు లేకుండా, పాత మాటే చెప్పాను.

అతనిప్పుడు సోలార్ పలకలు కడిగే కూలికి పోతున్నాడు. కోత రోజు కంచె అవతల, ఒకప్పటి మా చేలో నిలబడి నన్ను పిలిచాడు.

"కొర్ర బాగొచ్చిందా అక్కా?"

"వచ్చిందప్పా," అన్నాను.

అతను నిజంగానే సంతోషపడ్డాడు. ఆ ముఖం చూడలేక తల వంచుకుని కోత కోశాను.