చనిపోయిన మేస్త్రీకి నోటీసు

వదినను మెచ్చుకునే ఆడపడుచును ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానేయండి, నేను చెప్పదలచుకున్నది చెప్పే తీరతాను. మా వదిన రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సుల ఆఫీసులో సూపరింటెండెంటు. నేను అక్కడే టైపిస్టును. ఇంట్లో ఒకే వంటగది, ఆఫీసులో ఒకే ఫ్యాను. ఆవిడ ముక్కుసూటితనాన్ని రెండు చోట్లా భరిస్తున్నదాన్ని నేనొక్కదాన్నే.

ఎలక్ట్రీషియన్ల లైసెన్సులు వదిన చూసేది. పని నేర్పిన మేస్త్రీ స్వయంగా వచ్చి మా ఎదుట సంతకం పెట్టాలి. లేదంటే దరఖాస్తు వెనక్కి వెళ్లాల్సిందే. బతిమాలినా, కాళ్లరిగేలా తిరిగినా వదిన కరిగేది కాదు. వెనకాల అందరూ ఆవిడను రూళ్లకర్ర అనేవారు. అది విని మురిసిపోయేది కూడా.

ఒకరోజు పనిముట్ల సంచి భుజాన వేసుకుని ఒక అమ్మాయి వచ్చింది. మేం పంపిన నోటీసు బల్ల మీద పెట్టింది. స్వయంగా హాజరై సంతకం చేయవలెనని వాళ్ల మేస్త్రీకి పంపిన నోటీసు అది. ఆ మేస్త్రీ ఆమెకు సొంత బాబాయి.

"ఆయన పోయారని దరఖాస్తులోనే రాశానండీ. ఎక్కణ్నుంచి పిలుచుకు రమ్మంటారు?"

టైపు చేసింది నేను, కింద సంతకం వదినది. ఆ అమ్మాయికి పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చిందట. నెలాఖరులోగా లైసెన్సు చూపించకపోతే అది వేరేవాళ్లకు పోతుంది. తన పిల్లల్ని పెంచేది ఆమె సంపాదనే.

ఇంకొకరైతే ఒక సారీ చెప్పి ఊరుకునేవారు. వదిన ఆ రోజు అన్నం కూడా మానేసి రూల్సు ముందేసుకుని కూర్చుంది. మర్నాడు పై అధికారి గదిలోకి వెళ్లింది.

"సార్, పని వచ్చని రుజువు కావాలనే రూల్లో ఉంది. సంతకమే కావాలన్నది మనం చేసుకున్న అలవాటు."

"రేపు ఏ ఇల్లో అంటుకుంటే ఎవరమ్మా జవాబుదారీ?"

"నేనే. ఇన్‌స్పెక్టరు ఎదురుగా పని చేయించి చూద్దాం. సంతకం కన్నా అదే గట్టిది."

ఆయన నీళ్లు నమిలి చివరికి సరేనన్నాడు. ఆఫీసు వెనకున్న పెరట్లో చెక్క గోడకు వైర్లు, స్విచ్చులు బిగించారు. ఇన్‌స్పెక్టరు అందులో ఒక లోపం పెట్టి, దాన్ని పట్టుకుని సరిచేయమన్నాడు. కరెంటు ఆపే మెయిన్ స్విచ్చు సంగతి తను చూసుకుంటానన్నాడు. మెయిన్ వరండాలో ఉంది.

ఆ అమ్మాయి బోర్డు మూత తీసి, స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"చూశారా మేడమ్, చెయ్యి కూడా పెట్టడం లేదు. సంతకం ఊరికే అడుగుతామా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వదిన దగ్గరికి వెళ్లింది. "ఏమ్మా, తోచడం లేదా?"

"ఏం పాడైందో కనబడుతూనే ఉందండీ. మెయిన్ తీశామని ఎవరూ చెప్పలేదు. మెయిన్ దగ్గరున్న మనిషి గట్టిగా అరిచి చెబితే తప్ప చెయ్యి పెట్టొద్దనేవాడు బాబాయి. ఇన్నేళ్లూ ఆయనే చెప్పేవాడు."

"నేను ఎప్పుడో తీసేశాను కదా" అని ఇన్‌స్పెక్టరు నసిగాడు.

వదిన వరండాలోకి నడిచి, మెయిన్ తీసి ఉందో లేదో తన కళ్లతో చూసుకుని, దాని మీద చెయ్యి వేసి, వీధి చివరిదాకా వినిపించేలా అరిచింది.

"తీశాను!"

"సరే బాబాయ్!" పెరట్లోంచి అలవాటుగా వచ్చేసింది జవాబు.

ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, టెస్టరు పెట్టి చూసుకుని పనిలోకి దిగింది. ఆ తర్వాత ఆమె చేతులు మరి ఆగలేదు.

ఆమె పాసై, గడువులోగానే ఆసుపత్రిలో చేరింది. సంతకం తేలేని వాళ్లందరికీ ఇప్పుడు మా పెరట్లోనే పరీక్ష. మెచ్చుకున్నవాళ్లంతా కొత్త పద్ధతిని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ మధ్యాహ్నమే గుర్తొస్తుంది. వేరేవాళ్లెవరూ మెయిన్ ముట్టుకోకుండా, దాని మీద వేసిన చెయ్యి తీయకుండా, పెరట్లోంచి "వెయ్యండి" అనే మాట వినిపించేదాకా వదిన వరండాలోకి పడే ఆ ఎండలో అలాగే నిలబడింది.