మూడు ముక్కల బెల్లం కేకు

ఆ రోజుల్లో మా ఎల్లారెడ్డి వైపు పిల్లను చూడటానికి వెళ్లేవాళ్లు అన్నిటికంటే ముందు ప్లేటును చూడటం నేర్చుకోవాలి. (ఆ రోజులంటే మరీ తాతలనాటివేమీ కావు, ఓ పన్నెండేళ్ల కిందటివి. నా నెత్తి మీద జుట్టును బట్టి లెక్కవేస్తే మాత్రం ఇంకా చాలా వెనక్కి పోవాలి.) అమ్మాయివాళ్ల ఇంట్లో కుర్చీల్లో కుదురుకోగానే ఒక ప్లేటు వస్తుంది. అందులో ఓ పక్క కారప్పూస, ఇంకో పక్క లడ్డూ ఉంటాయి. కారప్పూస ఎంతైనా తినొచ్చు, చాయ్ తాగొచ్చు, మంచినీళ్లకు లోటే లేదు. లడ్డూ మాత్రం ముట్టకూడదు. ముట్టారంటే సంబంధం ఒప్పుకున్నట్టే. ఈ చట్టం ఎక్కడా రాసిపెట్టి లేదు కాని మా చుట్టాల్లో తెలియనివాళ్లు లేరు. మా దూరపు చిన్నాయన ఒకాయన పరధ్యానంగా లడ్డూ అంచు తుంచి నోట్లో వేసుకున్నాడనీ, వాళ్ల పెద్దబ్బాయి పెళ్లి అట్లా కుదిరిందేననీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ అబ్బాయీ కోడలూ సుఖంగానే ఉన్నారు, అది వేరే సంగతి.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. ఎల్లారెడ్డిలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే చిన్న దుకాణం పెట్టి ఏడాదైంది. మా ఇంట్లో అవ్వ (మా వైపు అమ్మను అట్లాగే పిలుస్తాం), బాపు, నేను. మాకు పెద్దదిక్కు దుబాయి మామ, అంటే అవ్వ తమ్ముడు. ఆయన దుబాయిలో ఎనిమిదేళ్లు ఒక హోటల్ వంటింట్లో ఉల్లిగడ్డలు కోసి వచ్చాడు. అందుకని తిండికి సంబంధించి ఏ విషయంలోనైనా మా ఇంట్లో ఆయన మాటే ఆఖరిది. సదాశివనగర్ సంబంధం తెచ్చింది ఆయనే. అమ్మాయిని వాళ్లింట్లో కాకుండా కామారెడ్డిలో ఫ్యామిలీ రెస్టారెంట్లో చూద్దామన్నదీ ఆయనే. బాపుకు ఈ ఏర్పాటు నచ్చలేదు. ఆయన మనసులో బాన్సువాడ వైపు ఇంకో సంబంధం ఉంది.

“చూసొద్దాం గని మాట ఇయ్యద్దు. బాన్సువాడోల్లను గూడ చూసినంకనే ఏదన్న” అన్నాడు బాపు.

“గందుకే హోటల్ అంటున్న బావా. హోటల్ అంటే ఎవ్వలిల్లు గాదు. మన బిర్యానీ మనం తింటం, ఆల్లది ఆల్లు తింటరు. లడ్డూల లొల్లే ఉండదు” అన్నాడు మామ. అవ్వకు కూడా ఇది సబబుగానే తోచింది. ఆమె ఇంతవరకు ఏసీ హోటల్లో కూర్చోలేదన్నది కూడా ఒక కారణం కావచ్చు.

ఆదివారం పొద్దున బయల్దేరేటప్పుడు నా కడుపు మాడ్చారు. కొత్త చొక్కా కాస్త బిగుతైంది. నాలుగు ఇడ్లీలు తింటే గుండీల దగ్గర నోళ్లు తెరుస్తోంది. “ఇయ్యాల ఒక్కపూట ఓర్చుకో బిడ్డా, పొట్ట కనవడ్తది” అని అవ్వ నా ముందు నుంచి గిన్నె తీసేసింది. చాయ్ ఒక్కటి తాగి బస్సెక్కాను. లింగంపేట దాటేసరికి కడుపులో ఎలుకలు పరుగెత్తడం మొదలైంది. కామారెడ్డిలో దిగేసరికి ఎదురుగా ఏం కనబడ్డా అది తినే వస్తువేనా కాదా అనే దృష్టితోనే చూస్తున్నాను. పెళ్లిచూపులకు పోవాల్సిన దృష్టి అది కాదని ఇప్పుడు తెలుస్తోంది.

రెస్టారెంట్లో వాళ్లు అప్పటికే వచ్చి కూర్చున్నారు. అమ్మాయి, వాళ్ల నాన్న, వాళ్లమ్మ. రెండు టేబుళ్లు కలిపి వేయించారు. ఏసీ చలికి అవ్వ కొంగు నిండా కప్పుకుంది. మామ మెనూ కార్డును పేపరు చదివినట్టు మొదటి నుంచి చివరిదాకా చదివి, సర్వర్‌తో హిందీలో చాలాసేపు మాట్లాడి, చివరకు అందరికీ చికెన్ బిర్యానీయే చెప్పాడు. ఆదివారం రద్దీ కదా, అరగంట పడుతుందన్నాడు సర్వర్. నాకు కళ్లు తిరిగినంత పనైంది.

సరిగ్గా అప్పుడే అమ్మాయి వాళ్లమ్మ సంచిలోంచి ఒక స్టీలు డబ్బా తీసి మూత తెరిచింది. లోపల గోధుమరంగు కేకు, చక్కగా ముక్కలు కోసి ఉంది. బేకరీ కేకుల మీద ఉండే గులాబీ పువ్వులూ క్రీమూ ఏమీ లేవు. “ఇంటిదే. బిర్యానీ అచ్చేదాంక నోట్లె ఏస్కోండ్రి” అందామె. మా వాళ్లు ముగ్గురూ బిగుసుకుపోయారు. హోటల్ ఎవ్వరిల్లూ కాదన్న మామ సిద్ధాంతంలో ఇంటి నుంచి డబ్బా రావచ్చన్న సంగతి లేదు. “అన్నం తిన్నంక తింటం” అని మామ డబ్బాను బాపు వైపు జరిపాడు. “గంతే, అన్నం తిన్నంకనే” అని బాపు అవ్వ వైపు జరిపాడు. అవ్వ నవ్వు ముఖం పెట్టి, అందులో ఏమైనా కరుస్తుందేమో అన్నట్టు వేళ్ల కొసలతో నా వైపు నెట్టింది. నా తర్వాత జరపడానికి ఎవరూ లేరు, గోడ ఉంది.

డబ్బాలోంచి బెల్లం వాసన, దానితో నెయ్యి, కాస్త సోంపు. ఇది కేకు కదా, లడ్డూ కాదు కదా, ఒకరకంగా బ్రెడ్డు జాతిది అని నాలో నేనే వాదించుకున్నాను. (ఆకలి మీదున్నవాడికి వకీలు అవసరం లేదు.) పెద్దవాళ్లు వానల గురించి, మక్కల పంట గురించి మాటల్లో పడ్డారు. నేను ఒక ముక్క తిన్నాను. అంచు కరకరలాడుతూ, లోపల మెత్తగా, పంటి కింద పల్లీల పలుకులు తగులుతూ ఉంది. అంత మంచి కేకు నేను అంతకుముందు తినలేదు. రెండో ముక్క తీసుకున్నప్పుడు అవ్వ టేబుల్ కింద నా కాలు తొక్కబోయి మామ కాలు తొక్కింది. మామ దాన్ని ఇంకోరకంగా అర్థం చేసుకుని ఇంకో ప్లేటు బిర్యానీ చెప్పాడు. మూడో ముక్క నోట్లో పెట్టుకుని తలెత్తితే ఎదురుగా అమ్మాయి సూటిగా నా వైపే చూస్తోంది. నేను ఆమెకు నచ్చాను కాబోలు అనుకుని చొక్కా సర్దుకున్నాను. “ఇంకోటి తీస్కోండ్రి” అంది. ఆ రోజు ఆమె నాతో అన్న మాట అదొక్కటే. “సాల్ సాల్” అన్నాను, నిండు నోటితో. ఆ రోజు నేను ఆమెతో అన్న మాటా అదొక్కటే. పక్కన వాళ్ల నాన్న ముఖం వెలిగిపోయింది. ఆయనకూ లడ్డూ చట్టం తెలుసు.

ఇంటికొచ్చి చెప్పులు విడవకముందే పంచాయితీ మొదలైంది.

“తీపి తిన్నడు. అయిపోయింది. ఇగ బాన్సువాడోల్లకు ఏం జెప్పాలె?” అన్నాడు బాపు.

“కేకు తీపిల కలువది బావా. దుబాయిల నాలుగు గంటలకు చాయ్‌ల ముంచుకోని తింటరు. అది నాష్తా” అన్నాడు మామ.

“నాష్తా ఏంది? చక్కెర లేకుంటనే చేసిన్రా?” అని అవ్వ నా వైపు తిరిగింది.

“చక్కెర గాదవ్వా, బెల్లం” అన్నాను, ఏదో సాయం చేస్తున్నాననుకుని.

“అగో! బెల్లం! ఇంకా పెద్దగైంది గదరా! శుభకార్యానికి పెట్టేదే బెల్లం!” అని అవ్వ నుదురు కొట్టుకుంది. అదీ ఒక ముక్క కాదు, మూడని అప్పుడు గుర్తు చేసింది బాపే. మామ సిద్ధాంతం ఆ దెబ్బతో చతికిలబడింది.

ఈ పంచాయితీ మూడు రోజులు నడిచింది. ఆ మూడు రోజుల్లో నాకు ఒక విషయం తెలిసొచ్చింది. నాకు ఆ సంబంధం కావాలి. మోటారుకు తీగ చుడుతూ చుట్లు ఎన్నయ్యాయో మరిచిపోతున్నాను, మళ్లీ విప్పి మొదటి నుంచి చుడుతున్నాను. ఆదివారం పొద్దున చాయ్‌తో పాటు ఆ కేకు, దాన్ని ప్లేట్లో పెట్టిచ్చే మనిషి, ఇట్లా ఏవేవో ఊహలు. మంగళవారం సిగ్గు విడిచి అవ్వతో చెప్పేశాను, నాకు ఇష్టమేనని.

“నీకు పిల్ల ఇష్టమా, కేకు ఇష్టమా?” అంది అవ్వ.

“పిల్లనే.”

“అయితే పిల్ల మొఖం ఎట్లున్నదో జెప్పు.”

నేను గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. ఆకుపచ్చ చున్నీ గుర్తుంది. డబ్బా మూత మీద చిన్న సొట్ట గుర్తుంది. ముఖం దగ్గరికొచ్చేసరికి మసక. అవ్వ నన్ను కాసేపు జాలిగా చూసి, బాపును ఒప్పించడానికి లోపలికి పోయింది. బాపు కూడా మంచివాడే. “తినొచ్చి ఎనుకకు పోతే మర్యాద గాదు. ఆడివిల్ల మనసు కష్టవడ్తది” అని చివరకు తలూపాడు. బాన్సువాడ ఆశ వదులుకోవడం ఆయనకు తేలికేం కాదు. మేమంతా ఆ అమ్మాయికి పెద్ద ఉపకారం చేస్తున్నామన్న ఉదారబుద్ధితో ఉన్నామా రోజు.

బుధవారం పొద్దుపొద్దున్నే మామ వచ్చి ఫోను చేశాడు. అందరం వినేట్టు స్పీకరు పెట్టాడు. గొంతు సవరించుకుని “అన్నా, మా దిక్కుకెల్లి ఖాయమే” అన్నాడు. అవతల అమ్మాయి వాళ్ల నాన్న నెమ్మదిగా అన్నాడు.

“ఏమనుకోకుండ్రి. మా బిడ్డ వద్దంటున్నది.”

మామ ఫోనును చూశాడు, తప్పు నంబరుకు చేశానేమో అన్నట్టు. “ఎందుకన్నా? పిలగానికి సొంత దుకాణం ఉన్నది, ఏ అలవాటూ లేదు...”

“దుకాణం సంగతి గాదన్నా. ఎట్ల జెప్పాలె... ఆ కేకు బిడ్డనే చేసింది. టీవీల చూసి నేర్సుకుంది. రెండుసార్లు మాడిపోతె మూడోసారి కుదిరింది. పిలగాడు మూడు ముక్కలు తిన్నడు. మంచిగున్నదనలే, ఎవలు చేసిన్రని అడగలే. సాల్ అన్నడు. నేను బతుకంత వండిపెట్టినా గంతే గద నాయినా అంటున్నది. నేనేం జెప్పాలె? నేను గూడ మా ఇంట్ల ఎన్నడు అడగలే.”

మామ ఫోను పెట్టేశాడు. తింటే ఏమవుతుంది, తినకపోతే ఏమవుతుంది, కేకు తీపా నాష్తానా అని మూడు రోజులు మా నోళ్ల గురించే కొట్టుకున్నాం. ఎదురుగా కూర్చున్న మనిషి కూడా మమ్మల్ని చూస్తోందన్న ఆలోచన మా నలుగురిలో ఒక్కరికీ రాలేదు. నాకు చాలా సిగ్గేసింది. దుకాణానికి పోయి, బాగు చేయాల్సిన మోటారు ముందు కూర్చుంటే దుఃఖం కూడా వచ్చింది. ఆమె అన్నది నిజమే కదా అనిపించి ఇంకా ఎక్కువైంది.

మధ్యాహ్నం తిండికి ఇంటికొచ్చాను. బాపు అప్పటికే కూర్చుని ఉన్నాడు. అవ్వ పుంటికూర (అంటే గోంగూర) పప్పు వేసింది. బాపు రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద కలుపుతూ ఆగి, దగ్గి, కంచంలోకి చూస్తూ “పప్పు ఎవలు చేసిన్రు?” అన్నాడు.

అవ్వ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడింది. “ఎవలు చేస్తరు? ఊరోల్లు అచ్చి చేసిపోయిన్రు!”

“గట్ల గాదే...” బాపు చెవులు ఎర్రబడ్డాయి. “మంచిగున్నదని.”

అవ్వ గరిటె కింద పెట్టి వంటింట్లోకి పోయింది. చాలాసేపు రాలేదు. వచ్చేటప్పుడు నెయ్యి గిన్నె తెచ్చి బాపు అన్నం మీద ధారాళంగా పోసింది. నాకు పోయలేదు. నాకు అర్హత లేదని నాకూ తెలుసు కాబట్టి అడగలేదు.

ఆ అమ్మాయికి మరుసటి ఏడే పెళ్లయిందని విన్నాను. ఆమెను చేసుకున్నాయన, ఎవరు వండారని అడిగే మనిషే అయి ఉంటాడు. నాకు బాన్సువాడ సంబంధమే కుదిరింది. వాళ్లింట్లో ప్లేటు రాగానే నేను లడ్డూ వైపు చూపించి “ఇవి ఎవలు చేసిన్రండి?” అని గంభీరంగా అడిగాను. స్వీటు షాపులో కొన్నామన్నారు. నా భార్య ఆ మాట చెప్పి ఇప్పటికీ నవ్వుతుంది.

ఇప్పుడు నెలకోసారి భార్యనీ పాపనీ తీసుకుని కామారెడ్డిలో ఏదో ఒక ఫ్యామిలీ రెస్టారెంటుకు వెళ్తుంటాను. తిన్నాక, వండినాయనకు బాగుందని చెప్పమని సర్వర్‌తో చెప్పి పంపుతాను. మా పాప సిగ్గుతో టేబుల్ కిందికి దూరుతుంది. పోయిన నెల వంటాయన స్వయంగా బయటికొచ్చాడు. యాభై ఏళ్లుంటాయి, తువాలుతో చేతులు తుడుచుకుంటూ, ముఖంలో భయం. “ఏం తక్కువైంది సార్? ఉప్పా?” అన్నాడు. ఏమీ తక్కువ కాలేదు, బాగుందని చెప్పడానికేనన్నాను. ఆయన నమ్మలేదు. మా ఆవిడ వైపు తిరిగి “కారం ఎక్కువైందా అమ్మా?” అని మళ్లీ అడిగాడు. ఇన్నేళ్లలో తప్పు పట్టడానికి తప్ప ఆయన్ని ఎవరూ బయటికి పిలిచినట్టు లేదు. ముగ్గురం బాగుందని గట్టిగా చెప్తే, ఏం చేయాలో తోచక మా గ్లాసుల్లో తనే నీళ్లు పోసి లోపలికి పోయాడు. తిరిగొస్తుంటే బస్సు కిటికీ పక్కన కూర్చుని, ఎందుకో బిగుతు చొక్కాలో ఉన్న ఆ ఇరవై నాలుగేళ్లవాడిని తలచుకున్నాను. ఇదివరకు వాడిమీద కోపం వచ్చేది. ఇప్పుడు రావడం లేదు. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు పాపం, ఆకలి మీద ఉన్నాడు.