కొమ్ము విరిగిన ఎద్దు

మొన్న నారాయణఖేడ్ బ్యాంకులో స్టాంపు ప్యాడ్ మూత తీయగానే, ఆ ఇంకు వాసనకు తాత ఎద్దులు గుర్తొచ్చాయి.

ఐదో తరగతిలో మా సారు ఒక ఉపాయం నేర్పాడు. అద్దం ముక్కకు ఇంకు పలుచగా పూసి, కాగితం పరచి, పైనుంచి పెన్సిల్‌తో గీస్తే కిందివైపు బొమ్మ అచ్చు పడుతుంది. కుడి ఎడమలు తారుమారవుతాయని మాత్రం ఆయన చెప్పలేదు. చేను గట్టున కూర్చుని, నాగలికి కట్టిన ఎద్దుల్ని వెనక నుంచి చూస్తూ గీసి, అచ్చు పడిన వైపు తాతకు చూపించాను.

"గిదేందే, కొమ్మిరిగినదాన్ని కుడిదిక్కు కట్టినవ్? అది ఎడమదిక్కుది గదా. గిట్ల కడితే అడుగు గూడ ఎయ్యది."

మళ్లీ గీశాను. మళ్లీ కుడివైపే వచ్చింది. కాగితం కింద ఎద్దులే జాగాలు మార్చుకుంటున్నాయనుకుని ఏడుపు మొదలుపెట్టాను.

తాత కాసేపు ఆలోచించి, కాడి విప్పి, ఎద్దుల్ని అటుదిటు మార్చి కట్టాడు. అలవాటు లేని పక్కన అవి బుసకొడుతుంటే పగ్గాలు బిగబట్టి, "జల్దీ గియ్యి బిడ్డా, ఆగుతలెవ్వు!" అని అరిచాడు.

ఈసారి కొమ్ము విరిగిన ఎద్దు ఎడమవైపే నిలబడింది. నాకంటే ఎక్కువ తాతే మురిసిపోయాడు.

బొమ్మనే తిప్పి గీస్తే అయిపోయేదని ఆ రోజు మా ఇద్దరికీ తట్టనే లేదు.