ఎక్స్‌టర్నల్ సారు కోసం డెస్క్‌టాప్ మీద పెట్టిన ఫైలు

ఈ రోజు మా కాలేజీలో పైథాన్ ప్రాక్టికల్ పరీక్ష. కోసిగి నుంచి వచ్చి చదువుకుంటున్న నా విద్యార్థిని ఈరమ్మ ప్రోగ్రామ్ నిన్నటి దాకా చక్కగా నడిచింది. మార్కులు వేయడానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్ సారు ముందు మాత్రం 'ఆ పేరుతో మాడ్యూల్ లేదు' అని ఎర్రర్ చూపించింది. నడవకపోతే ఆమె ఈ పరీక్ష మళ్లీ రాయాలి. నేను సాయం చేయవచ్చా అని సారును అడిగాను.

"ప్రశ్న అడగండి మేడం. జవాబు ఆ పాపే చెప్పాల," అన్నారు.

"ఈరమ్మా, పైథాన్ యాడ వెతుకుతాండాదో దాన్నే అడిగి చూడు," అన్నాను.

వెతికే దారులన్నీ ప్రింట్ చేసింది. మొదటి వరుసలోనే డెస్క్‌టాప్ ఉంది. నడిపే ఫైలు ఏ ఫోల్డరులో ఉంటే పైథాన్ ముందు అక్కడే వెతుకుతుంది.

"నీ ఫైళ్లు డి డ్రైవులో కదా ఉండేది?"

"ఆడనే ఉండాయి మేడం. సారుకు వెతుక్కునే పని ఉండకూడదని మెయిన్ ఫైలు ఒకటే ఈడికి కాపీ చేసినా."

"మరి అది పిలిచే రెండో ఫైలు?"

"అది సారు చూసేది కాదు గదా మేడం."

సారు నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగారు. చుట్టాలొస్తే ముందుగది మాత్రమే సర్దే అలవాటు నాకూ ఉంది కాబట్టి నేను నవ్వలేకపోయాను. ఎర్రర్ లేదన్న మాడ్యూల్ ఆ రెండో ఫైలే. ఈరమ్మ దాన్నీ డెస్క్‌టాప్ మీదికి తెచ్చి పక్కనే పెట్టింది. ప్రోగ్రామ్ నడిచింది.

బస్సెక్కాక ఓర్వకల్లు దాకా ఒకటే సందేహం. పైథాన్ ముందు ఎక్కడ వెతుకుతుందో నేను అసలు క్లాసులో చెప్పానా? నా పాత విద్యార్థులెవరైనా ఇది చదువుతుంటే, చెప్పానని ఒక్కరైనా కింద రాయండి.